ఇష్టమైన లోకల్ బ్యాండ్ విడిపోతే ఇంత బాధ మామూలేనా?

"హైదరాబాద్‌లో నేను ప్రాణంగా వినే చిన్న బ్యాండ్ విడిపోయింది. ఎవరికైనా చెప్తే, వాళ్లేమన్నా నీ చుట్టాలా అని నవ్వుతున్నారు. ఇది మామూలేనా, దీన్నుంచి బయటపడటం ఎలా?" అని అడిగారు.

మామూలేనండి. నాకూ జరిగింది. మా బ్యాండ్ పేరు చెప్పను, చెప్పినా ఇది చదివేవాళ్లలో చాలామందికి తెలియదు. (మా బ్యాండ్ అంటున్నాను చూడండి, అందులో నేను తాళం కూడా వేయలేదు!)

పెద్ద బ్యాండ్ల సంగతి వేరు. బీటిల్స్ 1970లోనే విడిపోయారు, ఆల్బమ్‌లు ఇవాళ్టికీ వింటున్నాం. మన దగ్గర ఇండియన్ ఓషన్ అనే బ్యాండ్‌లో అషీమ్ చక్రవర్తి 2009లో పోయారు, సుస్మిత్ సేన్ 2013లో బయటికొచ్చేశారు, అయినా బ్యాండ్ ఆగలేదు. చిన్న బ్యాండ్‌కి ఆ భాగ్యం ఉండదు. సరిగ్గా రికార్డు చేసినవి రెండో మూడో పాటలు, మిగతావన్నీ స్టేజీ మీదే పుట్టి స్టేజీ మీదే పోతాయి. మీ ఫ్రెండ్స్‌కి అర్థం కానిది అదే.

మా వాళ్లు ఎక్కువగా బంజారాహిల్స్‌లోని లామకాన్ అనే సాంస్కృతిక వేదికలో వాయించేవారు. చాయ్, సమోసా పట్టుకుని ఆరుబయట కూర్చునేవాళ్లం. సింగర్ ఒక పాటలో రెండో చరణం ప్రతిసారీ మర్చిపోయేవాడు, ముందు వరసలో వాళ్లు అందించేవారు. తర్వాత్తర్వాత కావాలనే మర్చిపోతున్నాడేమో అని నా అనుమానం. మధ్యలో మసీదు నుంచి అజాన్ వినిపిస్తే వాయించడం ఆపి, అయ్యాక ఎక్కడ ఆపారో సరిగ్గా అక్కడే అందుకునేవారు. రాత్రి పది దాటితే మైకు పెట్టకూడదు కదా, టైమ్ అయిపోతే ఆఖరి పాట మైకుల్లేకుండా, గిటార్ పెట్టె మీద దరువేస్తూ పాడేసేవారు. ఆ పాట ఏ యాప్‌లోనూ లేదు. అక్కడికి వచ్చే సగం మంది పేర్లు నాకు తెలియవు, మొహాలు మాత్రం తెలుసు. బ్యాండ్‌తో పాటు వాళ్లూ కనబడకుండా పోయారు, నాకు ఎక్కువ వెలితి అనిపించింది అక్కడే.

ఇలాంటప్పుడు ఎవరిదో తప్పు ఉండే ఉంటుందని వెతకాలనిపిస్తుంది. వదిలేయండి. సొంత పాటలు వాయించే బ్యాండ్‌కి జామ్ రూమ్ (ప్రాక్టీసు గది) అద్దె, కీబోర్డు, డ్రమ్స్ మోసుకెళ్లే క్యాబ్ ఖర్చులే వచ్చింది తినేస్తాయి. పబ్బుల వాళ్లేమో సినిమా పాటలే వాయించమంటారు. పొద్దున ఐటీ ఉద్యోగం, రాత్రి ప్రాక్టీసు, పెళ్లి కానంత వరకే నడుస్తాయి. మా డ్రమ్మర్ ఓసారి కనబడితే ఏమైందని అడిగా. "ఏం గొడవల్లేవన్నా, బాబు పుట్టిండు, రాత్రుళ్లు కుదరట్లే" అన్నాడు. అంతే.

నాకు పనికొచ్చిన పని ఒకటి చెప్తా. షోలకు వచ్చేవాళ్లలో తెలిసిన నలుగురితో వాట్సాప్ గ్రూప్ పెట్టి, అందరి ఫోన్లలో ఉన్న వీడియోలు ఒకచోట చేర్చాం. సగం వణికిపోయినవే, మాటలు వినబడవు, అయినా పర్లేదు. పాత ఫోన్లు అమ్మేయకముందే ఈ పని చేయండి. యూట్యూబ్‌లో పెట్టాలంటే మాత్రం ముందు బ్యాండ్ వాళ్లని అడగండి. మన చట్టం ప్రకారం పాట మీద హక్కు రాసినవాళ్లకి బతికున్నంత కాలం, ఆ తర్వాత ఇంకో 60 ఏళ్లు ఉంటుంది. అడిగితే కాదనరు లెండి, మా వాళ్లయితే తమ దగ్గరున్న డెమోలు కూడా ఇచ్చారు.

ఇన్‌స్టాలో "మళ్లీ కలవండి అన్నా" అని మెసేజ్‌ల మీద మెసేజ్‌లు మాత్రం పెట్టకండి, వాళ్లకీ మానుతున్న పుండే అది. ఎవరైనా ఒంటరిగానో వేరే బ్యాండ్‌తోనో పాడుతుంటే టికెట్ కొనుక్కుని వెళ్లండి. మొదటిసారే పాత పాట పాడమని అడగొద్దు, కొత్తవి వినండి.