కొత్త తెరచాప వేసినా నాగార్జున సాగర్‌లో పడవ ఒరిగిపోతుంటే

కొత్త చాప వేసినా పడవ ఎందుకు ఒరుగుతోందని అడిగారు. పాత చాపనే నమూనాగా ఇచ్చి కుట్టించానన్నారు కదా, కారణం అదే అయ్యుంటుంది. ఏళ్లు వాడిన గుడ్డ సాగి సంచిలా అవుతుంది. ఆ లోతే కొత్తదానికీ వచ్చింది. అందుకే గాలి పెరగగానే పడవ ముందుకు పోకుండా పక్కకు ఒరుగుతోంది.

1. మళ్లీ కుట్టిస్తే, కొలతలు పడవ మీదే, స్టీల్ టేపుతో తీయండి.

2. మాస్ట్ (చాపను నిలిపే నిలువు స్తంభం) వంపు కొలవండి. అందరూ వదిలేసేది ఇదే! చాపను ఎత్తే తాడును పై కొస నుంచి బూమ్ (చాప అడుగున ఉండే అడ్డకర్ర) దాకా బిగించి, మధ్యలో తాడుకూ మాస్ట్‌కూ ఎంత ఎడముందో రాసుకోండి. చాప కడుపు ఎంతుండాలో దాన్నిబట్టే కత్తిరిస్తారు.

3. గుడ్డ డాక్రాన్ (తెరచాపలకు వాడే పాలిస్టర్ గుడ్డ) చాలు, రెండు రీఫ్‌లు (గాలి పెరిగినప్పుడు చాపను మడిచి చిన్నది చేసే ఏర్పాటు) పెట్టించండి.

ఇప్పుడున్నది పారేయకండి, కుట్లు విప్పి లోతు తగ్గించవచ్చు. నల్లగొండ ఎండకు మాత్రం కవర్ లేకుండా వదలొద్దు.