మా పాప బస్తీ దవాఖానాలో నర్సు అవుతానంటోంది, చదివించొచ్చా?

ప్రశ్న: మాది హైదరాబాద్‌లో బోరబండ. మా ఆయన ఆటో నడుపుతాడు, నేను ఇళ్లలో వంట చేస్తాను. మా బిడ్డ ఇంటర్ బైపీసీ పాసైంది, ఎప్‌సెట్ ప్రవేశ పరీక్ష కూడా రాసింది. మా దగ్గర బస్తీ దవాఖానాలో, అంటే సర్కారు చిన్న ఆసుపత్రిలో, నర్సమ్మను చిన్నప్పటి నుంచీ చూస్తోంది. తానూ నర్సింగ్ చదివి అలాంటి చోటే చేస్తానంటోంది. చుట్టాలేమో బీఎస్సీ ఎందుకు, జీఎన్‌ఎం డిప్లొమా చాలు, చదివితే కార్పొరేట్ ఆసుపత్రికో విదేశానికో పోవాలి గానీ బస్తీలు పట్టుకొని తిరగడమేంటని అంటున్నారు. తెలిసినాయన ఒకరు వేరే రాష్ట్రంలో సీటు ఇప్పిస్తాడట. కాలేజీకి పోనక్కర్లేదు, పరీక్షలకు పోతే చాలంటున్నాడు. పది వేలు అడ్వాన్సు అడుగుతున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు ఆ అడ్వాన్సు సంగతి. ఆయనకు రూపాయి కూడా ఇవ్వకండి. నర్సింగ్ చదువులకు నిబంధనలు పెట్టేది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్. దాని ప్రకారం బీఎస్సీ నర్సింగ్ విద్యార్థి పరీక్షకు కూర్చోవాలంటే 80 శాతం హాజరు ఉండాలి. పట్టా చేతికి రావాలంటే వార్డుల్లో, ఫీల్డ్‌లో చేయాల్సిన డ్యూటీలు నూటికి నూరు శాతం పూర్తి కావాలి. జ్వరమొచ్చి మానేసిన రోజుల్ని కూడా తర్వాత పూడ్చుకోవాల్సిందే. పరీక్షలకు మాత్రమే రమ్మనే కాలేజీ ఈ లెక్కలన్నీ దొంగలెక్కలు రాస్తున్నట్టే. ఎప్పుడైనా తనిఖీ జరిగితే నష్టపోయేది పిల్లే. రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ లేకుండా నర్సుగా పని చేయడానికి వీల్లేదు, అలాంటి పట్టాలకు చిక్కులు మొదలయ్యేది కూడా అక్కడే. ఒకవేళ ఎవరూ పట్టుకోలేదనుకుందాం. ఒక్కసారి కూడా సెలైన్ పెట్టి చూడని పిల్ల రేపు ఎవరి కన్నతల్లి చేతికో సూది గుచ్చాలి. మీ అమ్మాయికి ఆ గతి పట్టించకండి.

ఇక చదువు. ఏఎన్‌ఎం (ఆరోగ్య కార్యకర్త కోర్సు) రెండేళ్లు, జీఎన్‌ఎం మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. మీ చుట్టాల మాటను పూర్తిగా కొట్టిపారేయలేం. తెలంగాణలో ప్రభుత్వ స్టాఫ్ నర్సు పరీక్షకు జీఎన్‌ఎం వాళ్లూ, బీఎస్సీ వాళ్లూ ఇద్దరూ అర్హులే. ఇంట్లో తొందరగా జీతం రావాల్సిన అవసరం ఉంటే జీఎన్‌ఎం తప్పేమీ కాదు. కానీ మీ బిడ్డ బైపీసీ చదివింది, ఎప్‌సెట్ రాసింది. బీఎస్సీలో సీటు వచ్చే వీలున్నప్పుడు ఒక్క ఏడాది మిగులుతుందని జీఎన్‌ఎంలో చేర్చొద్దనే అంటాను. జీఎన్‌ఎం చేసినవాళ్లు తర్వాత డిగ్రీ కావాలనుకుంటే పోస్ట్ బేసిక్ బీఎస్సీ ఇంకో రెండేళ్లు చదవాలి. అంటే మొత్తం ఐదేళ్లు. బీఎస్సీ నేరుగా చదివితే నాలుగేళ్లలో అయిపోతుంది, ఏడాది ఉద్యోగం చేశాక ఎమ్మెస్సీకి వెళ్లొచ్చు.

మీ అమ్మాయి కోరుకున్న పనికి బీఎస్సీయే తగినదనడానికి ఇంకో కారణం ఉంది. ఇప్పుడు బీఎస్సీ సెమిస్టర్ పద్ధతిలో నడుస్తోంది. కమ్యూనిటీ హెల్త్ నర్సింగ్ అనే సబ్జెక్టు అయిదో సెమిస్టర్‌లో ఒకసారి, ఏడో సెమిస్టర్‌లో ఒకసారి వస్తుంది. ఎనిమిదో సెమిస్టర్ ఇంటర్న్‌షిప్ 22 వారాలు ఉంటే అందులో నాలుగు వారాలు బస్తీల్లో, పల్లెల్లోనే గడపాలి. చిన్న ఆరోగ్య కేంద్రాన్ని చూసుకునే కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్ కావడానికి ఇంతకుముందు విడిగా ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు చేయాల్సి వచ్చేది. కొత్త సిలబస్‌లో ఆ పాఠాలను బీఎస్సీలోనే కలిపేశారు. ఒక సంగతి మాత్రం దాచను. మన రాష్ట్రంలో పల్లె దవాఖానాల్లో ఈ తరహా పోస్టులకు ఎంబీబీఎస్, ఆయుర్వేద డాక్టర్లను కూడా తీసుకున్నారు. అక్కడ నర్సులకు పోటీ ఉంటుంది. బస్తీ దవాఖానాల్లో అయితే డాక్టరు పోస్టు వేరు, స్టాఫ్ నర్సు పోస్టు వేరు.

ఇప్పుడు మీ చుట్టాలు తీసిపారేసిన పని గురించి. ఒక నర్సింగ్ కాలేజీ పిల్లలతో కలిసి నేను ఓ బస్తీకి వెళ్లాను. ఒక్కో విద్యార్థికి కొన్ని ఇళ్లు అప్పగిస్తారు. ఆ ఇంటి వివరాలన్నీ ఫ్యామిలీ ఫోల్డర్‌లో రాసుకుంటూ ఆ కుటుంబాన్ని కొన్ని వారాల పాటు వాళ్లే చూసుకోవాలి. మూడో ఏడాది పిల్ల ఒక ఇంట్లోకి అడుగుపెట్టి, గచ్చు మీద న్యూస్‌పేపర్ పరిచి, దాని మీద తన బ్యాగు పెట్టింది. ముందు సబ్బు, టవల్ మాత్రం తీసుకొని నల్లా దగ్గర చేతులు కడుక్కొచ్చింది. ఆ తర్వాతే బీపీ మిషన్ బయటికి తీసింది. ఒక ఇంటి క్రిములు ఇంకో ఇంటికి మోసుకుపోకుండా ఉండడానికి ఈ క్రమం. దీన్ని బ్యాగ్ టెక్నిక్ అంటారు, పరీక్షలో మార్కులు కూడా ఉంటాయి.

ఆ ఇంటి అక్కకు బీపీ బాగా ఎక్కువ చూపించింది. మాత్రలు వేసుకుంటున్నానంది. పిల్ల ఆ మాటను అక్కడితో వదల్లేదు, స్ట్రిప్ చూపించమంది. పది మాత్రల్లో ఏడు అలాగే ఉన్నాయి. కోప్పడకుండా అడిగింది: “అక్కా, పొద్దున ఎన్నింటికి పనికి పోతవ్?” అయిదున్నరకే పోతుందట. టిఫిన్ తిన్నాక వేసుకొమ్మన్నారు. ఈమె తినేది పదకొండింటికి, అదీ పనిచేసే ఇంట్లో. మాత్రలేమో ఇక్కడ, అల్మారాలో. పిల్ల అక్కడే తమతో వచ్చిన టీచర్ మేడమ్‌ను అడిగి, మేడమ్ బస్తీ దవాఖానా డాక్టరుకు ఫోన్ చేసి, రాత్రి అన్నం తిన్నాక వేసుకోవచ్చని తేల్చారు. స్ట్రిప్ అల్మారాలోంచి అన్నం గిన్నెల అర మీదికి మారింది.

అమ్మా, ఇళ్లలో వంట చేసే మీకు ఆ అక్క ఇబ్బంది నేను విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆసుపత్రిలో రోగి మంచం మీద ఉంటాడు, మాత్ర నర్సే చేతికిస్తుంది. ఇంటికి వెళ్లాక ఆ మాత్ర నోట్లో పడిందో లేదో తెలుసుకునే మనిషి ఒకరు కావాలి. బీపీ మాత్రలు ఆపేసిన వాళ్లలో కొందరు పక్షవాతంతో గాంధీ ఆసుపత్రికో ఉస్మానియా ఆసుపత్రికో చేరతారు. 30 ఏళ్లు దాటిన వాళ్లందరికీ బీపీ, షుగర్ చూడడం, నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ లక్షణాలు పట్టుకోవడం, టీబీ మందులు మధ్యలో మానకుండా చూడడం, బుధ, శనివారాల్లో పిల్లలకు టీకాలు. ఇదంతా ఈ నర్సులు, ఏఎన్‌ఎంలు, ఆశాలు కలిసి మోస్తున్న పని. టీకా ఒక్కటే తీసుకున్నా అందులో ఎంతో తెలివిడి కావాలి. మందు 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. తట్టు, రుబెల్లాలకు వేసే ఎంఆర్ టీకా పొడిని సీసాలో ఒకసారి ద్రవంతో కలిపితే నాలుగు గంటల్లో వాడేయాలి, మిగిలితే పారేయాలి. టీకా వేశాక పిల్లను అరగంట అక్కడే కూర్చోబెట్టాలి. ఇది చేతకాని వాళ్లకు మిగిలే పని అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

హైదరాబాద్‌లో బస్తీ దవాఖానాలు 2018లో మొదలయ్యాయి. ఒక డాక్టరు, ఒక స్టాఫ్ నర్సు, ఒక సహాయకురాలు ఉండే చిన్న కేంద్రాలవి. రక్తం తీసి నారాయణగూడ ల్యాబ్ వంటి చోట్లకు పంపుతారు, రిపోర్టు ఫోన్‌కు వస్తుంది. అక్కడికి వచ్చేవాళ్లలో సగం మాట తెలుగు, సగం మాట ఉర్దూ. బోరబండలో పెరిగిన మీ అమ్మాయికి ఆ రెండూ ఇంటి ముందరి మాటలే కదా. వేరే చోటు నుంచి వచ్చిన నర్సుకు అవి పట్టుబడడానికి ఏళ్లు పడుతుంది.

జీతం విషయంలో ఆశలు పెట్టి మిమ్మల్ని మభ్యపెట్టను. ఈ ఉద్యోగాల్లో చాలా వరకు కాంట్రాక్టు పద్ధతివే, రెగ్యులర్ స్టాఫ్ నర్సు జీతంతో పోలిస్తే తక్కువ. ఇది అన్యాయమే, నర్సుల సంఘాలు అడుగుతూనే ఉన్నాయి. అయితే ఆ సర్వీసు వృథా పోదు. మెడికల్ హెల్త్ సర్వీసెస్ రిక్రూట్‌మెంట్ బోర్డు 2022లో ఇచ్చిన స్టాఫ్ నర్సు నోటిఫికేషన్‌లో రాత పరీక్షకు 80 మార్కులు, ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ మీద చేసిన సర్వీసుకు 20 మార్కుల వరకు పెట్టారు. రెండేళ్లు బస్తీలో చేస్తూ పరీక్షకు చదువుకున్న పిల్ల, ఇంట్లో కూర్చుని చదివిన పిల్ల కంటే ముందుంటుంది. బీబీనగర్ ఎయిమ్స్‌తో సహా ఎయిమ్స్‌లకు నార్‌సెట్ అనే పరీక్ష వేరే ఉంది, దానికీ బీఎస్సీ పనికొస్తుంది.

ఈ దారిలో పైకి ఎదగడానికి కూడా చోటుంది. కాన్పుల పని మీద మక్కువ కలిగితే మిడ్‌వైఫరీలో 18 నెలల శిక్షణ ఉంది. తెలంగాణ ప్రభుత్వం ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యూనిసెఫ్‌లతో కలిసి 2017లోనే దీన్ని మొదలుపెట్టింది. మామూలు కాన్పును కోత లేకుండా నడిపించడం అందులో నేర్పుతారు. మన దగ్గర సిజేరియన్లు ఎంతగా పెరిగాయో ఏ ఇంట్లో అడిగినా చెబుతారు, కాబట్టి ఈ నర్సుల అవసరం ఇంకా పెరుగుతుందని నా నమ్మకం. రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి కేంద్రంగా నొప్పి ఉపశమన వైద్యం చాలా ఏళ్లుగా నడుస్తోంది. మంచం పట్టిన రోగుల ఇళ్లకే నర్సులు వెళ్లి పుండ్లు కడిగి, నొప్పి మందులు సరిచూసి వస్తారు. ఎమ్మెస్సీ కమ్యూనిటీ హెల్త్ నర్సింగ్ చేస్తే కాలేజీల్లో బోధన ఉద్యోగాలున్నాయి.

విదేశం మాట కూడా ఇప్పుడే కొట్టేయనక్కర్లేదు. నాలుగేళ్ల తర్వాత తన మనసు మారితే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఉంది, నర్సులకు జర్మన్ భాష నేర్పించి పంపుతోంది. ఏజెంటు గడప తొక్కాల్సిన పని లేదు.

కాలేజీ ఎంపికలో మాత్రం మీరు గట్టిగా ఉండాలి. నా దృష్టిలో అన్నింటికంటే పెద్ద విషయం ఇదే. భవనాలు, బస్సులు, యూనిఫాం చూసి మోసపోవద్దు. పిల్లల్ని డ్యూటీలకు ఏ ఆసుపత్రికి పంపుతారు, అక్కడ నిజంగా రోగులున్నారా అన్నది చూడండి. ఒక విద్యార్థికి ముగ్గురు రోగులు ఉండాలన్నది కౌన్సిల్ నియమం. తర్వాత, కమ్యూనిటీ పోస్టింగ్ ఏ ప్రైమరీ హెల్త్ సెంటర్‌లో, ఏ బస్తీలో వేస్తారో పేరుతో సహా చెప్పమనండి. ఆఫీసులో అడగడం కన్నా సాయంత్రం కాలేజీ వదిలే వేళకు గేటు దగ్గర మూడో ఏడాది, నాలుగో ఏడాది పిల్లల్ని అడగడం మేలు. “మీ ఫ్యామిలీ ఫోల్డర్ ఏ బస్తీదమ్మా?” అంటే టక్కున పేరు చెప్పే కాలేజీ మంచిది. “అవన్నీ రూములో కూర్చుని రాసేస్తాం ఆంటీ” అన్నారంటే అక్కడి నుంచి వచ్చేయండి.

ముందుగా ప్రభుత్వ కాలేజీలకు ఆప్షన్లు పెట్టండి. సోమాజిగూడలోని ప్రభుత్వ నర్సింగ్ కాలేజీ నగరంలోనే ఉంది. ఈమధ్య జిల్లాల్లోనూ కొత్తవి వచ్చాయి, హాస్టల్లో ఉండాల్సి వచ్చినా వెనకాడొద్దు. ప్రభుత్వ కాలేజీ పిల్లలకు నెలనెలా స్టైపెండ్ కూడా ఇస్తారు. కన్వీనర్ కోటా సీట్లను వరంగల్ కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం ఎప్‌సెట్ ర్యాంకును బట్టి నింపుతుంది. నోటిఫికేషన్ ఆ విశ్వవిద్యాలయం వెబ్‌సైట్‌లోనే వస్తుంది, మీ సేవ కేంద్రంలో ఎవరో చెప్పిన తేదీని నమ్ముకోకండి. ప్రైవేటు కాలేజీ అయితే ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుందో లేదో చేరకముందే కాగితం మీద చూసుకోండి.

కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ పత్రాలకు ఈ వారమే దరఖాస్తు పెట్టండి. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు బడికి వెళ్లి తెచ్చుకోండి. అన్నింటికీ జిరాక్సులు తీసి పెట్టుకోండి, ఒరిజినల్స్ కౌన్సెలింగ్ పూర్తయ్యేదాకా ఎవరి చేతికీ ఇవ్వకండి. ఆ సీటు ఇప్పిస్తానన్నాయనకు ఈపాటికే ఏమైనా సర్టిఫికెట్ ఇచ్చి ఉంటే, రేపే మీ ఆయన్ను వెంటబెట్టుకొని వెళ్లి వెనక్కి తెచ్చుకోండి.