ముక్కు మూసేముందు

అమ్మలూ,

లిబరేటర్ బాంబర్ విమానం ప్లాస్టిక్ మోడల్ కిట్ డబ్బా తెరిచావని మీ నాన్న చెప్పాడు. దాన్ని ఎవరో ఒకరు తెరుస్తారని ఇన్నేళ్ళు దాచాను. నువ్వే తెరిచావంటే గర్వంగా ఉంది, టెన్షన్‌గానూ ఉంది. రాత్రి నిద్ర పట్టలేదు, అందుకే ఈ ఉత్తరం.

ముక్కల్ని సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టు. అంటించేముందు ప్రతి జతనూ ఉత్తినే కలిపి చూడు. అచ్చు పాతది, సందులుంటాయి, పుట్టీ పెట్టాలి. ఇవన్నీ నీకు తెలిసినవే.

ముక్కు సంగతి మాత్రం జాగ్రత్తగా విను. లాంకాస్టర్, బి-17 బాంబర్లు తోకచక్రం మీద కూర్చుంటాయి. లిబరేటర్‌కి చక్రం ముక్కు కింద ఉంటుంది. మోడల్‌లో ఇంజిన్లు బోలుగా ఉంటాయి కాబట్టి బరువంతా వెనక్కే పోతుంది. ముందు భాగంలో బరువు పెట్టకుండా మూసేస్తే అది తోక మీద కూలబడుతుంది.

నేను అదే చేశాను. నీ వయసే నాకప్పుడు. రంగులు కూడా వేసి, అన్నయ్యను పిలిచి, చక్రాల మీద నిలబెట్టాను. తోక టపీమని నేలకు తగిలింది. ఆ విమానమంటే అన్నయ్యకు ప్రాణం. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కాన్పూర్‌లో వదిలేసిన లిబరేటర్లను బాగుచేసి మన వైమానిక దళం 1968 దాకా నడిపిందని కథలుకథలుగా చెప్పేవాడు. వాడి ముందు అలా అయ్యేసరికి ఏడుపొచ్చింది. ఆ కంగారులో ముందుచక్రం గుంటలో కన్నం పొడిచి, సీసపు గుళ్ళు పోసి, పైన తెల్లజిగురు ఒంపాను. నిలబడింది. అన్నయ్య చప్పట్లు కొట్టాడు.

కొన్నేళ్ళకు ముక్కు కింద అతుకు విచ్చుకుంది. లోపల్నుంచి తెల్లటి పొడి రాలింది. తెల్లజిగురు నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి సీసాన్ని మెల్లగా తినేస్తుందని, సీసం అలా పొడిగా మారి ఉబ్బుతుందని నాకప్పుడు తెలియదు. ఉబ్బిన సీసమే ప్లాస్టిక్‌ను చీల్చేసింది. ఆ పొడి విషం తల్లీ. వట్టిచేత్తో తుడిచేశాను. ఆ చెయ్యి కడుక్కున్నానో లేదో గుర్తులేదు.

అందుకని సీసం ముట్టుకోకు. ముట్టుకున్నావని తెలిస్తే ఊరుకోను. చిన్న స్టీల్ నట్లు, బాల్ బేరింగులు తీసుకుని ఎపాక్సీ జిగురుతో అంటించు. సీసమంత బరువుండవు కాబట్టి చోటెక్కువ కావాలి. ముక్కంతా అద్దాలే, అక్కడ దాచలేవు. పైలట్ సీట్ల నేల కింద కొన్ని, నాలుగు ఇంజిన్ల డొల్లల్లో ముందుకు నెట్టి కొన్ని పెట్టు. మూసేముందు అన్నీ టేపుతో కట్టి, తోక చివరి తుపాకుల గూడు (టరెట్) కూడా తగిలించి, నిలుస్తుందో లేదో చూడు. నిలిస్తే ఇంకొక్క నట్టు వేసి ఆపెయ్. మరీ బరువైతే ఆ సన్నని చక్రాల కాళ్ళు వంగిపోతాయి.

తెల్లజిగురును అద్దాలకు వాడుకో. సూపర్‌గ్లూ పెడితే వాటికి పొగ పట్టినట్టవుతుంది. డెకాల్స్, అంటే నీళ్ళలో నానబెట్టి అంటించే గుర్తుల బొమ్మలు, పాతవి, నీళ్ళలో ముక్కలైపోతాయి. ముందు పారదర్శకమైన వార్నిష్ పూసి, అక్కర్లేని ఒక్కదాన్ని వేసి చూడు.

ప్లాస్టిక్ అతికించే సిమెంట్ జిగురు వాడేటప్పుడు కిటికీ తెరిచే ఉంచు. బ్లేడు వేలివైపు లాగకు. అర్ధరాత్రి దాకా కూర్చోకు, నువ్వు కూర్చుంటావని నాకు తెలుసు.

రెక్కలు అతికించే రోజు ఫోన్ చెయ్యి. ఈ కొసనుంచి ఆ కొసకు దాదాపు 46 సెంటీమీటర్లు, ఆరేదాకా రెండోవైపు నేను పట్టుకుంటాను.

తాతయ్య