స్టేట్ స్ట్రీట్ మేసీస్ గోడ మీద మార్షల్ ఫీల్డ్ పేరు ఎందుకుంది?

చికాగోలోని స్టేట్ స్ట్రీట్‌లో ఉన్న మేసీస్ డిపార్ట్‌మెంట్ స్టోర్‌కు మూలల్లో ఉన్న కంచు ఫలకాల మీద ‘మార్షల్ ఫీల్డ్ అండ్ కంపెనీ’ అని ఎందుకు ఉందని, ఆ భవనం ఎప్పటిదని మీరు అడిగారు. ఆ వీధికి దగ్గరి ఆఫీసులో నేను పదకొండేళ్లు పనిచేశాను. చలికాలం మధ్యాహ్నాలు బయట తిరగలేక ఆ దుకాణంలోనే నడిచేవాణ్ణి కాబట్టి, నాకు తెలిసినంత చెబుతాను.

అది మార్షల్ ఫీల్డ్ అనే వ్యాపారి దుకాణమే. యాజమాన్యం చేతులు మారాక 2006 సెప్టెంబరు 9న మేసీస్ అయింది. ఆ రోజు దుకాణం ముందు చాలామంది నగరవాసులు నిరసన తెలిపారు. ఆ బాధ న్యాయమైనదనే నేను ఇప్పటికీ అనుకుంటాను. పేరు మారినా ఫలకాలను తీయలేదు. ఆ భవనం 1978 నుంచి జాతీయ చారిత్రక కట్టడం, 2005 నుంచి నగర రక్షిత కట్టడం కూడా.

భవనం వయసు చెప్పడం అంత తేలిక కాదు. లేక్ స్ట్రీట్‌లో సాగుతున్న వ్యాపారాన్ని స్టేట్ స్ట్రీట్‌కు మళ్లించాలని పాటర్ పామర్ అనే వ్యాపారి అక్కడ పాలరాతి ముఖంతో కట్టించిన భవనంలోకి ఫీల్డ్, ఆయన భాగస్వామి లైటర్ 1868లో దిగారు. 1871 నాటి మహా అగ్నిప్రమాదంలో అది కాలిపోయింది. అదే చోట మళ్లీ కట్టినది 1877లో తగలబడింది. 1879లో మూడోసారి లేచింది. 1881లో లైటర్ తప్పుకున్నాక దుకాణానికి ఫీల్డ్ ఒక్కరి పేరే మిగిలింది.

ఇప్పుడు మీరు చూసేది వాటిలో ఏదీ కాదు. వాస్తుశిల్పి డేనియల్ బర్నమ్ సంస్థ 1892 నుంచి 1914 వరకు విడతలు విడతలుగా కట్టిన భాగాలు కలిసి స్టేట్, వాషింగ్టన్, వాబాష్, రాండాల్ఫ్ వీధుల మధ్య స్థలమంతా నిండాయి. అన్నిటికన్నా పాతది వెనకవైపు, వాబాష్, వాషింగ్టన్ వీధుల మూలలో ఉంది. దాని రూపకర్త చార్లెస్ ఆట్‌వుడ్. స్టేట్ స్ట్రీట్ వైపు ఉత్తర భాగం 1902లో, 1879 నాటి భవనాన్ని పడగొట్టి కట్టిన దక్షిణ భాగం 1907లో పూర్తయ్యాయి. ఫీల్డ్ 1906 జనవరిలోనే మరణించడంతో ఈ దక్షిణ భాగం పూర్తవడం ఆయన చూడలేదు.

మొదటి ఏడాదంతా నేను దీన్ని ఒకే భవనమనుకున్నాను. కోనసీమ నుంచి వచ్చిన మా అమ్మ లోపలికి అడుగుపెట్టగానే, “ఇదేమిట్రా, ఒకే ఇంటికి రెండు మండువాలున్నాయి” అంది. అప్పుడు గమనించాను: ఉత్తర భాగానికి ఒకటి, దక్షిణ భాగానికి ఒకటి, అంతస్తుల నడుమ తెరిచిన ఖాళీలు నిజంగానే మన మండువా లోగిళ్లలా ఉన్నాయి. ఉత్తరపు దానికి పైన వెలుతురు దిగే గాజు కప్పు ఉంది. దక్షిణపు దాని మీద గాజు కళాకారుడు లూయీ కంఫర్ట్ టిఫనీ రూపొందించిన కప్పును సుమారు 16 లక్షల గాజు ముక్కలతో కూర్చారు. దాన్ని కింద నిలబడి చూస్తే రంగుల మెరుపే కనిపిస్తుంది. ఎస్కలేటర్ మీద పై అంతస్తులకు వెళ్లి, రెయిలింగ్ దగ్గర కాసేపు నిలబడితే గాజు కూర్పు తెలుస్తుంది.