సమాధానం: కబడ్డీ జట్టు లోగోలో కాకతీయ తోరణం

మీ వరంగల్ కబడ్డీ జట్టు లోగోలో కాకతీయుల కీర్తి తోరణం (వరంగల్ కోటలోని రాతి ద్వారం), రామప్ప నంది, వేయిస్తంభాల గుడి మూడింటినీ ఇమిడ్చారనీ, జెర్సీ మీద కుట్టించేసరికి అంతా ముద్దలా కనిపిస్తోందనీ రాశారు. లోపం కుట్టుపనిలో కాదు, బొమ్మలోనే ఉంది. మూడు అంగుళాల గుడ్డ మీద మూడు కట్టడాలు నిలవవు.

తోరణం మొత్తాన్ని వాడవద్దని నా సలహా, ఎందుకంటే 2014 నుంచి అది తెలంగాణ రాష్ట్ర చిహ్నంలో చార్మినార్‌తో పాటు ఉన్నందున, ఎంత అందంగా గీసినా చూసేవారికి ముందు ప్రభుత్వ కార్యాలయమే గుర్తుకొస్తుంది. దానికి బదులు తోరణం పై కొసన కూర్చున్న హంసను ఒక్కదాన్నే తీసుకోండి. మెడ వంపును ఒకే మందపాటి గీతగా, రెక్కను మూడు పాయలుగా గీస్తే చాలు. ఈకలు, నగిషీలు వదిలేయండి. హంస మరీ సాధువుగా ఉందనిపిస్తే, కాకతీయుల నాటి వీర నృత్యమైన పేరిణిలో మోకాళ్లు వంచి నిలిచిన నర్తకుడి నీడబొమ్మను ప్రయత్నించండి. అది కూతకు వెళ్లే ఆటగాడి భంగిమకు దగ్గరగా ఉంటుంది. నా ఓటు దీనికే.

రంగుల విషయానికొస్తే, చేర్యాల పటాల (గుడ్డ మీద కథలు చెప్పే తెలంగాణ జానపద చిత్రాల) నేపథ్యంలోని ఎరుపు, దానిపై పసుపు, గీతలకు నలుపు సరిపోతాయి.

వెక్టర్ ఫైలుగా (సైజు మార్చినా గీతలు చెదరని ఫైలుగా) గీసి, ముందు నలుపు తెలుపుల్లో బొటనవేలి గోరంత సైజులో ప్రింటు తీయండి. అందులో ఆకారం పోల్చుకోగలిగితేనే రంగులు వేయండి. ఒక మిల్లీమీటరు కంటే సన్నని గీతలు దారంలో కలిసిపోతాయి. మా వాలీబాల్ జట్టు లోగోలో చేప పొలుసులు అలాగే మాయమయ్యాయి. జట్టు పేరును బొమ్మలో ఇరికించక, కింద విడిగా ఉంచండి.