చాట్‌కి తాళం ఉంది, మరి బ్యాకప్‌కి?

ప్రశ్న: వాట్సాప్‌లో అక్కా నేనూ ఇంటి విషయాలన్నీ మాట్లాడుకుంటాం. గూగుల్ డ్రైవ్‌లోని బ్యాకప్‌కీ ఎన్‌క్రిప్షన్ ఉంటుందా?
– ఓ పాఠకురాలు, విజయనగరం

జవాబు: దానంతటదే ఉంటుందనుకోకండమ్మా. సందేశాలకు 2016 నుంచీ పూర్తి ఎన్‌క్రిప్షన్ ఉంది, అంటే పంపినవారూ అందుకున్నవారూ తప్ప మరెవరూ చదవలేని తాళం. బ్యాకప్‌కి ఆ సదుపాయం 2021లో వచ్చింది, మనమే ఆన్ చేసుకోవాలి. సెట్టింగ్స్‌లో చాట్స్, అందులో చాట్ బ్యాకప్, దాని కింద 'ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్' నొక్కండి. పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చు, లేదా అక్షరాలు, అంకెలు కలిపి మొత్తం 64 ఉండే కీ తీసుకోవచ్చు. కీని కాగితం మీద నాలుగేసి చొప్పున విడదీసి రాసి, బీరువాలో పెట్టండి. స్క్రీన్‌షాట్ తీసి అదే ఫోన్‌లో ఉంచితే ఫోన్‌తోపాటే పోతుంది! ఫోన్ పోయి, కీ కూడా లేకపోతే ఆ బ్యాకప్‌ను వాట్సాప్ సంస్థ కూడా తెరవలేదు. అక్కగారి ఫోన్‌లోనూ ఇది ఆన్ చేయించండి. మీ మాటలు ఆవిడ బ్యాకప్‌లోనూ ఉంటాయి కదా.