సూళ్లూరుపేట కాపురం, మద్రాసు ఉద్యోగం

"చిన్న ఊళ్లో పెళ్లాం పిల్లలతో ఉంటూ సిటీలో చిన్న ఉద్యోగం చేసుకునే మామూలు మనిషి జీవితం ఎలా ఉంటుంది? పాపం, ఎలా నెట్టుకొస్తారు?" అని అడిగారు. ముందు ఆ పాపం తీసేయండి, మిగతాది చెప్తాను.

మాది సూళ్లూరుపేట. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు మమ్మల్ని నెల్లూరు నుంచి తీసి తిరుపతి జిల్లాలో వేశారు గానీ మా మాటా, మా చేపల పులుసూ ఇంకా నెల్లూరువే. ఉద్యోగం మద్రాసు సౌకార్‌పేటలో, ఒక హోల్‌సేల్ షాపులో లెక్కలు రాయడం. ఇంట్లో అమ్మ, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు. పోను 80 కిలోమీటర్ల పైమాట, రాను మళ్లీ అంతే. తెల్లారకముందే లోకల్ ఎక్కితే రాత్రి అన్నాల వేళకి ఇల్లు చేరతాను.

"అక్కడే ఇల్లు తీసుకోవచ్చుగా" అని ప్రతి పెళ్లిలోనూ ఎవరో ఒకరు అడుగుతారు. అడిగేవాళ్లెవరూ మద్రాసులో టు-లెట్ బోర్డు చూసి లోపలికి వెళ్లినవాళ్లు కారు. ఒకప్పుడు పది నెలల అద్దె అడ్వాన్సు అక్కడ మామూలు. 2019లో అమల్లోకొచ్చిన కొత్త అద్దె చట్టం మూడు నెలలు చాలంటుంది, కానీ ఇద్దరూ వేరేగా ఒప్పందం రాసుకుంటే అదే చెల్లుతుందని అందులోనే ఒక ముక్క ఉంది. ఇంక ఆ ఒప్పందంలో ఎవరి మాట నెగ్గుతుందో నేను చెప్పక్కర్లేదు. నా సీజన్ టికెట్ ఖర్చు ఆ అద్దె ముందు లెక్కలోకే రాదు.

పోగొట్టుకునేది లేదా అంటే, ఉంది. 2023 జూలై 14న మధ్యాహ్నం చంద్రయాన్-3 ఎగిరింది. శ్రీహరికోట మాకు పక్కనే. మా డాబా మీద అమ్మ, పిల్లలు, పక్కింటివాళ్లు అందరూ నిలబడి కళ్లారా చూశారు, కిటికీలు అదిరాయట. దేశం నలుమూలల నుంచీ జనం మా ఊరొచ్చి చూశారు. ఆ ఊరివాణ్ణి నేను మాత్రం సౌకార్‌పేటలో బిల్లు పుస్తకం పక్కన పెట్టి ఫోన్లో చూశాను. ఇప్పటికీ చుట్టాలు "మీకేమయ్యా, రాకెట్లు ఇంట్లోంచే చూస్తారు" అంటే నవ్వి ఊరుకుంటాను.

అయితే మా బతుకు నడిచేది ఇంట్లోనూ కాదు, షాపులోనూ కాదు. రైలుపెట్టెలో. రోజూ అదే పెట్టె, అవే మొహాలు. పిల్లకి సంబంధం, పాత ఫ్రిజ్, కంటి డాక్టరు, ఏది కావాలన్నా ముందు అక్కడే అడుగుతాం. (ఫోను స్పీకర్లో పెట్టి రీల్స్ చూసేవాళ్ల గురించి వేరే ప్రశ్న వేయండి, ఇంతకంటే పెద్ద జవాబు రాస్తాను.)

మా పెట్టెలో చీటీ కూడా ఉంది. ఇరవై మందిమి, మనిషికి నెలకి 5,000, మొత్తం లక్ష. నడిపేది తడ నుంచి వచ్చే బాబాయి. ఆయన మొదటి నెల చీటీ పాట లేకుండా తీసుకుంటాడు, అంతకుమించి కమీషన్ లేదు. ఆ తర్వాత ప్రతి నెలా పాటే. డబ్బు అవసరమున్నవాళ్లు తగ్గించి పాడతారు, ఎక్కువ తగ్గించుకున్నవాడు ఎత్తుకుంటాడు, తగ్గిన సొమ్ము ఇరవై మందికీ సమానంగా పడుతుంది. సాయంత్రం తిరుగు బండిలో మీంజూరు స్టేషను దాటాక కాస్త ఊపిరాడుతుంది, అప్పుడు పాట మొదలుపెట్టి గుమ్మిడిపూండి లోపల ముగించాలి. అక్కడ సగం మంది దిగిపోతారు.

మా అమ్మాయి ఇంటర్‌లో చేరిన ఏడాది నాకు 80,000 కావాలి. నెల్లూరులో కాలేజీ ఫీజు మొదటి వాయిదా, హాస్టలు. ఓనరుని అడిగితే ఇస్తాడు. ఇచ్చాక ఆదివారాలు కూడా స్టాకు చూడ్డానికి పిలుస్తాడు, కాదనలేం. కాబట్టి చీటీయే. ఇరవై వేల దాకా తగ్గించుకోవచ్చని లెక్క వేసుకుని కూర్చున్నా.

అయిదు వేల దగ్గర మొదలైంది. ఎనిమిది, పది, పన్నెండు. మిగతావాళ్లు మానేశారు, గుమ్మిడిపూండి ఆయన మాత్రం వదల్లేదు. తమిళాయన, మద్రాసు ప్యారిస్ కార్నర్‌లో ఎలక్ట్రికల్ షాపులో పని. పొన్నేరిలో బండి ఆగి కదిలేసరికి పదహారు. అవసరం లేనివాళ్లు వెనక నుంచి "ఎక్కించన్నా, ఎక్కించు" అంటున్నారు. వాళ్లకేం, పాట పెరిగినకొద్దీ వాళ్ల వాటా పెరుగుతుంది. ఆయన పంతొమ్మిది అన్నాడు. నేను ఇరవై అన్నాను. నా దగ్గర ఇంక మాట లేదు.

కవరపేట వచ్చింది. ఆయన ఫోను తీసి వాళ్లావిడతో మాట్లాడుతున్నాడు, బాబాయి నోట్‌బుక్ రబ్బరు బ్యాండు వేలికి చుట్టుకుంటూ "ఒకటోసారి" అన్నాడు. ఆయన ఫోను పెట్టేసి నన్ను అడిగాడు, వచ్చీరాని తెలుగులో: "నీకు దేనికి సార్?"

"పాప కాలేజీకి అన్నా."

"నాకు కూతురి సీమంతం. ఏడో నెలలో అనుకున్నాం. తొమ్మిదో నెలలో చేసుకుంటాంలే, కాలేజీవాడు ఆగడు కదా."

అంతే. నేను ఎత్తుకున్నాను. తగ్గిన ఇరవై వేలు ఇరవై మందికి వెయ్యేసి చొప్పున పడి, ఆ నెల అందరం నాలుగు వేలే కట్టాం. తర్వాత నెల చీటీ వేరే ఒకాయన ఎత్తుకున్నాడు. ఆ పై నెల గుమ్మిడిపూండి ఆయన అయిదు వేలు అన్నాడు, పెట్టె మొత్తం మీద ఇంకెవరూ నోరెత్తలేదు. వాటాకి 250 రూపాయలే వచ్చాయని ఇద్దరు గొణిగారు, అది వేరే సంగతి.

ఇది చదివి మీరూ చీటీ మొదలుపెట్టకండి. 1982 చిట్‌ఫండ్స్ చట్టం ప్రకారం రిజిస్టర్ చేయకుండా నడపడం తప్పు. రిజిస్టర్ చేసిన చోటేమో నడిపేవాళ్ల కమీషన్ పరిమితి 2019 సవరణతో అయిదు శాతం నుంచి ఏడుకి పెరిగింది. నా మటుకు నాకు రైలు చీటీ ఎగ్గొట్టినవాడు ఇంతవరకూ కనపడలేదు. ఎగ్గొట్టి ఎక్కడికి పోతాడు, తెల్లారితే అదే పెట్టె ఎక్కాలి!

మీరు మా లైన్లో కాపురం పెట్టే ఆలోచనతో అడిగి ఉంటే ఒకటి చూసుకోండి. మద్రాసు సెంట్రల్ పక్కనున్న లోకల్ స్టేషను మూర్‌మార్కెట్ కాంప్లెక్స్ నుంచి బయల్దేరే బళ్లలో చాలావరకు గుమ్మిడిపూండిలోనే ఆగిపోతాయి, సూళ్లూరుపేట దాకా వచ్చేవి తక్కువ. అది తప్పితే హైవే మీదకొచ్చి బస్సు కోసం నిలబడాలి. కాబట్టి సాయంత్రం ఎన్నింటికి వదులుతారో చేరకముందే ఓనరుతో తేల్చుకోండి. మా ఓనరు ఏడింటికి వదులుతానన్నాడు. దీపావళి సీజన్లో తప్ప ఆ మాట మీదే ఉన్నాడు.